మూడో సునీత

నాంపల్లి, జులై 1971, మంగళవారం రాత్రి

పిల్ల బడి నుంచి ఏడుస్తూ వచ్చింది. క్లాసులో ముగ్గురు సునీతలట. జూన్‌లో అబిడ్స్ బడిలో చేర్చినప్పుడు, పెంటమ్మ అంటే అందరూ నవ్వుతారని, సునీత అని రాయించమని పట్టుబట్టింది తనే. ఇప్పుడు టీచరు హాజరు వేసేటప్పుడు 'సునీత త్రీ' అని పిలుస్తోందట.

"బాపూ, నా పేరు మల్ల మార్చు. ఎవ్వరికి లేంది పెట్టు."

"ఎవ్వరికి లేంది నీకుండె గదనే."

"గది వద్దు!" అని పుస్తకాల సంచి విసిరికొట్టింది.

వాళ్లమ్మ పొయ్యి దగ్గర నుంచి లేచి సంచి తీసి గోడకు తగిలించింది. ముందు పుట్టిన ఇద్దరూ పోయారు. ఈ పిల్లనైనా దక్కించుకోవాలని, పుట్టగానే పెంటకుప్ప మీద పడుకోబెట్టి ఆ పేరు పెట్టుకున్నాం. "గా పేరు తీసేస్తే పిల్ల మనకు దక్కుతదా?" అని బడిలో చేర్చిన రోజే వాళ్లమ్మ అడిగింది. నేను నవ్వాను.

పిల్ల అన్నం తినకుండా పడుకుంది. ఇందాక చూస్తే ఒళ్లు కాలుతోంది. వానలో తడిసి ఉంటుందన్నాను. వాళ్లమ్మ వినలేదు. పిల్ల చెవి దగ్గర వంగి, "పెంటమ్మా" అని మెల్లగా పిలిచింది.

పిల్ల కళ్లు తెరవకుండానే "ఆఁ" అంది.

కాసేపటికి నేనూ పిలిచాను.