ప్రార్థనల చెప్పిన మాట

జులై 1946, బేస్తవారం

నడుములు పీకుతున్నయ్, అయినా నిద్ర వస్తలేదు.

ఇయ్యాల ఆడోళ్ల ప్రార్థన మా ఇంట్లనే. నా వంతు రాంగనె కండ్లు మూసుకొని, అందరికి వినపడేటట్టు ప్రార్థన చేసిన: "ప్రభువా, మా రత్నమ్మ పెనిమిటిని కల్లు నుంచి విడిపించు. ఆమెను కొట్టే చేతిని ఆపు." అందరు ఆమెన్ అన్నరు.

చెయ్యి గోడకు తాకి కమిలిందనే అందరికి చెప్పుకున్నది రత్నమ్మ. అసలు సంగతి మొన్న బాయికాడ నా ఒక్కదానికే చెప్పింది. నేను కండ్లు తెరిచేసరికి అందరి చూపు ఆ చేతి మీదనే ఉన్నది. ఆమె కొంగు కప్పుకున్నది.

పోయేటప్పుడు గడప కాడ ఆగి మెల్లగ అన్నది: "దేవునికి నేను రోజు చెప్పుకుంటనే ఉన్న అక్కా. నీకు చెప్పింది నీకాడనే ఉంటదని."

రాత్రి మా ఆయనకు జరిగింది చెప్పిన.

"మంచికే గద అడిగినవ్, ఫికర్ చెయ్యకు" అన్నడు మా ఆయన. మంచికే. కని అంత గట్టిగ ఎందుకు అడిగిన? దేవునికి వినపడాలనా, పక్కన కూసున్నోళ్లకా? రేపటికల్లా అది రత్నమ్మ పెనిమిటి చెవుల పడ్తది. తాగొచ్చి ఇంకేం జేస్తడో...

చాడీలు చెప్పొద్దని ఆదివారం బడి పిల్లలకు నేర్పేదాన్ని నేనే.

ఇందాక మోకాళ్లూనిన. ఆమె పేరు నోటిదాకా వచ్చింది. పక్క అర్రల అత్తమ్మ ఇంకా మేలుకొనే ఉన్నది. పెదవులు కదపకుండ మనసులనే చెప్పుకున్న.