ఒమన్ వద్దు, దుబాయే

బావా, నువ్వు అటు బండి తీయగానే పోస్ట్‌మన్ నా పాస్‌పోర్టు తెచ్చాడు. ఫొటోలో నవ్వొద్దన్నారు, అయినా నవ్వినట్టే ఉన్నాను! కోరుట్ల వెళ్లి అమ్మకు చూపించి సాయంత్రానికి వస్తాను. పప్పు వేడి చేసుకో. కొంచెం మాడింది, అత్తమ్మకు చెప్పకు.

మనం హనీమూన్‌కు వెళ్లేది దుబాయ్‌కే. "ఆరేండ్లు పనిచేసిన ఊరే గదనే, అండ్ల ఏమున్నది? పక్కకే ఒమన్ ఉన్నది, ఇద్దరికి కొత్తగుంటది" అంటావు. ఆరేళ్లూ ఆ మేడల అద్దాలు బయట తాళ్లకు వేలాడుతూ తుడిచావు. ఒక్కదాని లోపలికైనా వెళ్లావా? ఈసారి నేను టికెట్ కొని నిన్ను పైకి తీసుకెళ్తాను. లోపల నిలబడి, నువ్వు వేలాడిన చోటు నాకు చూపించాలి.

— అఖిల

రేపు తొమ్మిది గంటల బస్సుకు జగిత్యాల వెళ్లి టికెట్లు బుక్ చేస్తున్నాం. సెలవు పెట్టు.