కొంగ, దున్నపోతు, బావగారి పట్టిక

ఆదివారం, మార్చి 9

పూజ్యులైన బావగారికి,

మీ మరదలు చేతులు జోడించి, పళ్ళు నూరుకుంటూ రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నేనూ అక్కా క్షేమం. సర్వే క్యాంపులో మీరూ క్షేమంగానే ఉన్నారని మీ పట్టికలు చూస్తేనే తెలుస్తోంది. ఒంట్లో బాగాలేని మనిషి అన్ని గళ్ళు గీయలేడు.

తొమ్మిది వారాల్లో పదకొండు ఉత్తరాలు! పదకొండింటిలోనూ అవే రెండు బండ్లు. పొద్దున్నే నా మెకానిక్ షెడ్డు షట్టరు ఎత్తేసరికి కింద మీ కవరు కనిపిస్తే, విప్పకముందే నాకు తలనొప్పి మొదలవుతోంది. భూమి కొలిచే ఉద్యోగం మీది, ఒప్పుకుంటాను. కానీ కొలతకు కూడా ఒక హద్దుండాలి కదా. సీటు ఎత్తు, బరువు, ట్యాంకు, చక్రం, ముందు అద్దం, లైటు వెలుగు, సైడు స్టాండు పొడవు... మొత్తం ఇరవై మూడు వరుసలు. పోయినసారి అన్నీ నింపి పంపితే, మార్కుల లెక్క మార్చి మళ్ళీ మొదటి నుంచి నింపమన్నారు. మీకు బండి చూసిపెట్టేసరికి నా తల ప్రాణం తోకకొస్తోంది.

ఆ మోడల్ పేర్లు అన్నిసార్లు రాయలేక నేనే వాటికి పేర్లు పెట్టుకున్నాను. ఎనిమిది వందల సీసీ బండి కొంగ. సన్నటి ఒళ్ళు, పొడుగు కాళ్ళు, ముందర పెద్ద చువ్వల చక్రం. పన్నెండు వందల యాభై సీసీది దున్నపోతు. దానికెందుకా పేరు పెట్టానో చూస్తే మీకే తెలుస్తుంది.

మీరు చెప్పినట్టే శుక్ర, శనివారాలు షెడ్డు మూసేసి, షోరూము మేనేజరును బతిమాలి రెండింటినీ తెచ్చాను. వెనక సీటు సంగతి తేలాలంటే వెనక మనిషి కూర్చోవాలి గనుక అక్కను బయల్దేరదీశాను. ముందు రానంది. ఆయన పిచ్చికి నా నడుము పణంగా పెట్టాలా అంది. తర్వాత తనే హెల్మెట్ వెతుక్కుని వచ్చింది.

శుక్రవారం కొంగ. ఎక్కడానికే అక్కకు నా భుజమూ, పక్కింటివాళ్ళ అరుగూ కావలసి వచ్చాయి. ఆగినప్పుడల్లా నేను బొటనవేళ్ళ మీద నిలబడ్డాను. మీ కాళ్ళు పొడుగు గనుక మీకా బాధ లేదు. పెద్ద రోడ్డు మీద వంద దాటితే చెవుల దగ్గర ఒకటే హోరు, ఆ ముందు అద్దం పేరుకే అద్దం. గంటన్నర పోయాక, పిల్లిలాగా గోడ మీద కూర్చున్నట్టుంది, ఆపవే తల్లీ అని అక్క నా వీపు మీద కొట్టింది. కానీ కొండ దారి మొదలయ్యాక మాట మారింది. అనుకున్న చోటుకల్లా తిరుగుతుంది. క్వారీ దగ్గర కంకర దారిలో గుంతలు వచ్చినప్పుడు నేను నిలబడి నడిపాను, అదే చూసుకుని పోయింది. ఆ కంకరలో నాకు నవ్వొచ్చింది, బావగారూ. అది ఏ వరుసలో వేయాలో మీ పట్టికలో లేదు.

శనివారం దున్నపోతు. రెండు వందల అరవై కిలోలు. పెద్ద రోడ్డు మీద మాత్రం రాజభోగం. గాలి తగలదు, మోత లేదు, గొలుసే లేదు గనుక దానికి నూనె పెట్టే పనీ లేదు. వెనక సీటు ఎలా ఉందని అడిగితే జవాబుగా అక్క హెల్మెట్ వచ్చి నా హెల్మెట్‌కు ఠంగుమని తగిలింది. నిద్రపోయింది మహాతల్లి! అంతవరకూ బాగానే ఉంది. క్వారీ వాలులో ఆగాను చూడండి, కుడికాలి కింద నేల లేదు. నెమ్మదిగా, ఎంతో మర్యాదగా పక్కకు ఒరిగింది. దాన్ని లేపడానికి నేనూ, అక్కా, ఒక లారీ డ్రైవరూ కలిసి మూడుసార్లు ప్రయత్నించాం. పక్కనుండే సామాను పెట్టె మీద గీత పడింది. మేనేజరుకు ఏం చెప్పానో అడగకండి.

ఇక మార్కులు. మీ లెక్క ప్రకారం నూటికి దున్నపోతుకు డెబ్బై ఒకటి, కొంగకు అరవై నాలుగు. అంటే దున్నపోతు గెలిచింది. కానీ ఎలా గెలిచిందో చూశారా? అంతా ఆ పద్దెనిమిదో వరుస పుణ్యం. "నడిపేవాడి తప్పు కాచుకునే గుణం." మొదటి పట్టికలో దానికి అయిదు మార్కులు. తర్వాత పదిహేను చేశారు. ఇప్పుడు నలభై! బ్రేకు గట్టిగా నొక్కినా చక్రం జారనివ్వదు, మలుపులో తడబడినా సర్దుకుంటుంది, అందుకని దున్నపోతుకు ముప్పై ఆరు, కొంగకు ఇరవై. ఆ ఒక్క వరుస తీసేస్తే అరవైకి కొంగ నలభై నాలుగు, దున్నపోతు ముప్పై అయిదు. రెండుసార్లు కూడి చూశాను.

మీ కిందటి ఉత్తరంలో రాసింది చదివి నాకు ఒళ్ళు మండింది. నా చెయ్యి మునుపటిలా లేదు, పోయిన ఏడాది తప్పు చేశాను, మళ్ళీ చేస్తాను, తప్పును కాచుకునే బండే నాకు కావాలి అని రాశారు. పోయిన ఏడాది కొండ దారి మలుపులో పడి మణికట్టు విరగ్గొట్టుకున్నప్పటి నుంచీ ఇదే వరస. క్యాంపుకు వెళ్ళకముందు కూడా ఆదివారాలు మీ మిత్రులు బండ్ల మీద వచ్చి పిలిస్తే, గుమ్మంలో నిలబడి చెయ్యి ఊపి లోపలికి వచ్చేసేవారట. అక్క చెప్పింది. పదహారేళ్ళప్పుడు నాకు బండి నేర్పింది మీరు. క్లచ్ వదలడం రాక ఏడుస్తుంటే, పడితే పడతావు, లేచి మళ్ళీ ఎక్కు అని అరిచింది మీరు. ఇప్పుడు మీకు నేను చెప్పడమంటే తాతకు దగ్గులు నేర్పినట్టే. అయినా చెప్పక చస్తానా?

దీనికి తోడు మీ ఆవిడ. ఆయన దూకుడు మనిషి, ఆయన మాట నమ్మను, మా చెల్లి సరేనన్న బండే ఈ ఇంటి గుమ్మం ముందు ఆగాలి అని తీర్పు చెప్పేసింది. మీరేమో, నీ చేతిపని మీద నాకు నమ్మకం, నీ మాటే ఆఖరి మాట, ఇరవయ్యో తేదీన బుకింగు, ఒక్క మాటలో చెప్పు అంటారు. మొగుడూ పెళ్ళాలిద్దరూ కలిసి నా నెత్తినే కూర్చున్నారు.

సరే. పద్దెనిమిదో వరుస కొట్టేశాను. ఎర్ర సిరాతో, కాగితం చిరిగేలా కొట్టేశాను. పట్టిక దీంతో పాటే పంపుతున్నాను. ఒక్క మాటలో చెప్పమన్నారు కదా, కొంగ.

వేళకు తినండి. మణికట్టుకు డాక్టరు చెప్పిన వ్యాయామం మానకండి.

ఇట్లు,
మీ మరదలు,
మీరు పెట్టిన పేరుతో చెప్పాలంటే, స్పానరు పిల్ల

తా.క. పైదంతా రాసి కవరు అంటించేశాను. మళ్ళీ చింపాను. ఆ వరుస ఎందుకు కొట్టేశావని మీరు పన్నెండో ఉత్తరంలో ఎలాగూ అడుగుతారు. ఫోన్లో చెబుదామంటే మధ్యలో అడ్డుపడి నన్ను ఊరుకోబెడతారు. అందుకే రాస్తున్నాను.

మీరు పడ్డ ముందురోజు సాయంత్రం మీ పాత బండికి ముందు టైరు మార్చింది నేనే. చక్రం ఎక్కించి ఇరుసు దూర్చాను. ఆ ఇరుసు కదలకుండా పట్టి ఉంచేవి చక్రానికి అటూ ఇటూ ఉండే ఫోర్కు అడుగున రెండు బోల్టులు. వాటిని వేళ్ళతో తిప్పి పెట్టాను. స్పానరు అందుకునేలోపు బయట ఎవరిదో బండి స్టార్టు కావడం లేదని పిలిస్తే వెళ్ళాను. తిరిగొచ్చి, బిగించేశాననుకుని బండిని స్టాండు మీంచి దించేశాను. మా షెడ్డులో బిగించిన ప్రతి బోల్టు మీదా పసుపు రంగు గీత పెడతాం. పడ్డ బండిని షెడ్డుకు తెచ్చాక చూస్తే ఒక బోల్టు లేదు. రెండోది వదులుగా ఆడుతోంది, దాని మీద గీత లేదు. ఎవరూ రాకముందే కొత్త బోల్టు వేసి, రెండూ బిగించి, రెండింటి మీదా పసుపు గీత పెట్టేశాను.

ఆసుపత్రిలో మీరు రెండుసార్లు అన్నారు, బ్రేకు వేయకముందే హ్యాండిల్ వణికిందని. భయంలో అలాగే అనిపిస్తుంది బావగారూ అన్నాను. మీరు నమ్మారు. మీ దూకుడే ఇంత చేసిందని అక్క తిడుతుంటే మీరు తల వంచుకుని విన్నారు. నేను పక్కనే కూర్చుని మీకు పండు కోసి పెడుతున్నాను. ఏడాదిగా సిగ్గుతో చస్తున్నాను. మీ ఉత్తరాల మీద విసుక్కున్నదంతా నిజానికి నా మీద నాకున్న విసుగు.

ముందు ఈ ఉత్తరం పోస్టు చేసి, అటునుంచి అటే వెళ్ళి అక్కకు చెబుతాను. కొత్త బండిని నా షెడ్డుకు తీసుకురాకపోయినా నేనేమీ అనుకోను.

ఇంకొక్కటి. ఆ రోజు బండి తేవడానికి వెళ్ళినప్పుడు రోడ్డు మీద మీ టైరు జాడను అంగలేసి కొలిచాను. ఇరవై ఆరు అంగలు. ముందు చక్రం ఊడొచ్చేలా ఉన్న బండిని అంత దూరం నిలబెట్టుకొచ్చి, ఎదురుగా వస్తున్న స్కూలు వ్యానుకు తగలకుండా గట్టు వైపు పడేశారు. వ్యాను డ్రైవరే చెప్పాడు. నేనైతే ఆ పని చేయలేకపోయేదాన్ని. అలాంటి చెయ్యి మీద నమ్మకం లేదంటారేమిటి, మీకేమైనా మతి పోయిందా?