ట్రైలరుకు హీటరు

తమ్ముడూ,

బళ్ళకు హీటర్లు బిగించేవాడివి కాబట్టి నీకే రాస్తున్నాను. మీ బావ సామాన్లు మోసే ట్రైలరుకు ఒకటి పెట్టాలి. నాలుగు వైపులా రేకే, కిటికీ కూడా లేదు.

ఇల్లు పట్టించుకోరన్న కోపంలో, "ఆ ట్రైలరులోనే కాపురం పెట్టండి" అని నోరు జారాను. తొమ్మిది రోజులుగా, బీరువాలకు చుట్టే దుప్పట్లు కప్పుకుని అందులోనే పడుకుంటున్నారు. నిన్న పొద్దున తలుపు తీస్తే, లోపల గ్యాస్ పొయ్యి వెలుగుతోంది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. పొయ్యి మాత్రం లాక్కొచ్చేశాను. తప్పయిందని చెప్పడం నాకెప్పుడూ చేతకాదు కదా.

పొగ బయటికి పోయేలా గొట్టం పెట్టు, గాలి ఆడేలా కంత కొట్టు. నేను రాశానని చెప్పకు. సామాన్లు చెమ్మకు పాడవుతాయని నువ్వే అను.

మరీ వెచ్చగా మాత్రం చెయ్యకు. ఆయన ఇంట్లోకి రావాలి.

అక్క