పైపు కదిలింది బావా!

బావా,

సుయిన్షి! మన ఆచారం ప్రకారం శుభవార్త తెచ్చినవాడికి ఏమిస్తావో ముందు చెప్పు. ఒట్టి చేతులు చూపిస్తే అక్కకి చాడీలు రాస్తాను.

మన పాత చమురుబావిలో ఇరుక్కున్న పైపు ఇవాళ పైకొచ్చింది. శుక్రవారానికి రాకపోతే బావిని సిమెంటుతో పూడ్చి, మన ముఠాని ఇంటికి పంపేస్తామన్నారు కదా కంపెనీవాళ్ళు! నీ బదులు వచ్చిన కొత్త మేస్త్రీ నుర్తాస్ హైడ్రాలిక్ జాకీతో ఒక్కసారిగా లాగెయ్యబోయాడు. పైపు తెగితే అంతే సంగతులు. నువ్వు ఆస్పత్రి నుంచి కబురంపావని అబద్ధమాడాను.

"కాస్త లాగి, అలాగే పట్టి ఉంచి, టీ తాగమన్నాడు మా బావ."

"టీకి పైపొస్తుందా అన్నా?" అని వెక్కిరించాడు, కానీ నీ మాటని అలాగే చేశాడు.

నాలుగో గిన్నె టీకి పైపు సడలింది. వాడింకా నోరు తెరిచే ఉన్నాడు.

పక్కబావి కూడా మనకే ఇచ్చారు. మేస్త్రీ ఎవరంటే నీ పేరు రాయించాను. కాలు విరిగితేనేం, కుర్చీ వేస్తాం. కూర్చుని తిట్టు, చాలు.

నీ బావమరిది