మినోరి వాళ్ల అమ్మ

ఒకయామ, మే

ప్రియమైన శ్రీవారికి,

ఫోన్‌లో చెబుదామంటే మినోరి పక్కనే ఉంటుంది, అందుకే రాస్తున్నాను. బడి వదిలాక పిల్లలుండే మా కేంద్రంలో దాన్నీ చేర్చాను కదా. మొదటిరోజే చెప్పాను, ఇక్కడ నన్ను అందరిలా టీచర్ అని పిలవాలని. ఇదొక్కతే అమ్మా అంటే, వాళ్ల అమ్మల కోసం కళ్లు కాయలు కాచేలా చూసే పిల్లల మనసు చివుక్కుమంటుంది. ఇలాంటి కేంద్రాల్లో పిల్లల్ని వెంటతెచ్చుకునే టీచర్లందరూ పాటించే పద్ధతే ఇది. మీ కూతురు బంగారం, ఒక్కసారీ నోరు జారలేదు.

నిన్న రెన్ అనే పిల్లవాడు కుర్చీ విసిరేసి బల్ల కింద దూరాడు. నేనూ దూరి పక్కన కూర్చున్నాను. కాసేపటికి వాడే నా ఒళ్లో తలపెట్టి ఏడ్చాడు. మా పెద్ద టీచర్ ఒగినో గారు తెగ మెచ్చుకున్నారు. సప్పోరోలో ఇంకా చలేనా? స్వెట్టర్ అప్పుడే తీసేయకండి.

మీ చిజురు

సప్పోరో, జూన్

చిజురూ,

మార్చిలోపు బదిలీ మాటే ఎత్తొద్దన్నారు ఆఫీసులో. ఈ గదిలో గోడలతో మాట్లాడుతున్నాను.

ఆదివారం మినోరి ఫోన్ చేసింది. అమ్మకివ్వమన్నాను. అదేమందో రాయాలా వద్దా అని రెండ్రోజులు తన్నుకులాడాను.

"అమ్మ రావడం లేదు నాన్నా. రోజూ టీచరే ఇంటికొస్తున్నారు."

హాస్యమనుకుని నవ్వాను. అది నవ్వలేదు. నాకెందుకు చెప్పలేదు?

నీ తెత్సుయా

ఒకయామ, జూన్

ఏవండీ,

దాచాను, నిజమే. అదే సర్దుకుంటుందనుకున్నాను. అన్నం దగ్గర కూడా "టీచర్, నీళ్లిస్తారా" అంటుంది. ఇంట్లో నేను అమ్మనే తల్లీ అంటే, "సరే టీచర్" అంటుంది. మొన్న కేంద్రంలో పడి మోకాలు చీరుకుపోయింది. రక్తం కారుతుంటే రెన్ వెనక నిలబడి, తన వంతు తర్వాతైనా పర్లేదంది. బయట పల్లకీ మోత, ఇంట్లో ఈగల మోత అంటే ఇదే.

మానేద్దామంటే ఉన్నది ఇద్దరు టీచర్లమే, నేను వెళ్తే చిన్నపిల్లల్ని చేర్చుకోవడం ఆపేస్తారు. ఉందామంటే నా పిల్ల నాకు దక్కదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. సాయంత్రం తీసుకెళ్లడానికి వచ్చిన అమ్మలు వీధి తలుపు దగ్గర బెల్ కొడితే ఎవరో ఒక పిల్ల అమ్మా అంటూ పరుగెడుతుంది. వాళ్ల చెప్పులు మినోరే సర్ది ఇస్తుంది. అందరూ పోయాక తాళం వేసి మేమొస్తాం. దానికోసం ఎవరూ బెల్ కొట్టరు.

చిజురు

ఒకయామ, ఆ వారంలోనే

ప్రియమైన శ్రీవారికి,

మీ జవాబు కోసం ఆగలేకపోయాను. కిందటి ఉత్తరం పోస్టులో వేసి వస్తుంటే, నేను రాసిన చివరి మాటే బుర్రలో తిరిగింది. ఇవాళ గది నిండా పిల్లలుండగానే నా టీచర్ ఏప్రాన్ విప్పాను. ఒగినో గారికి చెప్పి, వెనక తలుపు గుండా వెళ్లి, చుట్టూ తిరిగొచ్చి వీధి తలుపు దగ్గర బెల్ కొట్టాను.

మినోరీ, మీ అమ్మగారొచ్చారని ఒగినో గారు లోపల్నుంచి కేకేశారు. టీచరే కదా అని పిల్లలంతా గొల్లున నవ్వారు. మినోరి బ్యాగు తగిలించుకుని వచ్చింది. నన్ను ఎగాదిగా చూసింది. టీచర్ అంటుందేమోనని భయపడ్డాను. అది నాకేసి నడిచొచ్చి, బ్యాగుతో నా పొట్టమీద ఒక్కటేసింది.

"ఇన్నాళ్లూ ఎక్కడికి పోయావమ్మా?"

పిల్లలందరి ముందూ నన్ను కరుచుకుని బావురుమంది. ఊరుకోమని నేను అనలేదు. ఇకమీదట తాళం తను వేస్తానని, నన్ను రోజూ వీధి తలుపు నుంచే వచ్చి పిల్లను తీసుకెళ్లమని ఒగినో గారన్నారు.

మీ చిజురు