కాలరు నమూనా

తేదీ 9, మంగళవారం

మా పిచ్చుకకు,

మీ నాన్న ఎవరి చేతా రాయించకుండా, తానే కూడబలుక్కుని రాస్తున్న ఉత్తరం. నేనూ మీ అమ్మా కులాసా. నువ్వూ అల్లుడూ, కడుపులో బిడ్డా చల్లగా ఉండాలి.

ముందు ఆరేళ్ల నాటి ముల్లొకటి తీసేసుకుంటాను. ఆ రోజు కొట్లో, కొలతలివ్వడానికి వచ్చిన ఇద్దరి ముందు, నాన్నా, ఏ కాగితం ఏమిటో నీకు తెలియదు, నా ఆసుపత్రి కాగితాలు ముట్టుకోకు అన్నావు. నలభై ఏళ్లుగా బట్టలు కుట్టించుకున్నవాళ్లలో ఎంతమంది భుజాల కొలతలైనా నోటితో చెప్పగలవాణ్ణి. మాట పడ్డాను. మరిచిపోలేదు.

నీకు మూడో నెలని తెలిసి మీ అమ్మ గంతులేసింది. నాకు మాత్రం నీ పాత జబ్బే గుర్తొచ్చింది. నీ పంతొమ్మిదో ఏట కాళ్లనిండా ఊదారంగు చుక్కలు. నన్నే ఎవరు నువ్వన్నావు. మిషను పెట్టి నెత్తురులోని నీరు తీసేసి, దాతలది ఎక్కించారు. లక్షల్లో ఒకరికొచ్చే జబ్బు, కడుపుతో ఉన్నప్పుడు తిరగబెట్టొచ్చు, ఈ కాగితం పారెయ్యకండి అని డాక్టరమ్మ మరీ మరీ చెప్పింది.

మూడు వారాల కింద నువ్వు దాన్నే అడిగావు. పాత ఆసుపత్రి మూసేశారు, మూలన ఎర్ర ముద్ర ఉన్న మందపాటి కాగితం, చూడు నాన్నా అన్నావు. నీ వస్తువులు నువ్వు దాచుకోక నన్నడుగుతావేం అని కసిరాను.

నిన్న అల్లుడు ఫోను చేశాడు. ప్లేట్‌లెట్లు తగ్గుతున్నాయి మామయ్యా, అప్పుడేం వైద్యం చేశారో తెలిస్తే డాక్టరుకు దారి దొరుకుతుంది అన్నాడు. వెతికాను. దొరికింది. ఎలుకలు కొరికాయేమో, రెండు ముక్కలైంది. అతికించాను. మందుల షాపాయన ఫొటో తీసి అల్లుడికి పంపాడు. అక్షరం చెడలేదన్నాడు. అసలుది ఈ కవరులో పెట్టి బస్సు డ్రైవరు చేతికిస్తున్నాను.

మెట్లు నెమ్మదిగా దిగు.

ఇట్లు,
మీ నాన్న

తా.క. ఎలుకలు ఇంత గుండ్రంగా కొరకవు. టైలరు కూతురివి, చూడగానే కనిపెడతావు. మందంగా ఉందని కాలరు నమూనాకి నేనే కత్తిరించాను, మిగతా ముక్క కొట్లోనే పడి ఉంది. ఇదేమిటని ఎవరినైనా అడిగితే నాకు సరిగా చదవడం రాదని బయటపడుతుందని అడగలేదు. ఐదేళ్లుగా దాన్ని పెట్టే చొక్కాలు కోస్తున్నాను. నువ్వడిగిన రోజు అది నా కళ్లముందే మేకుకు వేలాడుతోంది. ఎర్ర ముద్ర చూసి గుర్తుపట్టాను. వెనక్కి తిప్పి తగిలించి, నిన్నే కసిరాను. నీ ప్రాణం కన్నా నా పరువే బరువనుకున్నాను తల్లీ.

శుక్రవారం నీకు మళ్లీ పరీక్ష. లెక్క ఎంతొచ్చిందో అల్లుడి చేత కాదు, నువ్వే ఫోను చేసి చెప్పాలి. తిట్టు, పడతాను. శుక్రవారం సాయంత్రం మాత్రం దాటనివ్వకు.